రాయి రాని చోట చెక్కముక్క

మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు మేస్త్రి చనిపోయారు. కరీంనగర్ జిల్లాలో, సొంత ఇంట్లో, నిద్రలోనే. గంట తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది.

తొంభైల మొదట్లో ఒమన్‌లో ఆయన డ్రిల్లింగ్ మేస్త్రి, నేను అదే సైట్‌లో టైమ్ కీపర్‌ని. షినాస్ అనే తీరపట్టణం వైపు నుంచి కొండల కిందుగా సరిహద్దు దాటి అవతలి దేశానికి వేగంగా వెళ్లే రైలు వేయాలని అప్పట్లో ఒక ఆలోచన ఉండేది. దానికి సొరంగం కావాలి. కొండ లోపల ఏముందో తేల్చే పని మా కంపెనీది. బోరు దింపి, లోపలి రాయిని ముంజేతి లావు కడ్డీలుగా పైకి తీసి, లోతు ప్రకారం చెక్కపెట్టెల్లో పేర్చేవాళ్లం. సొరంగం ఎక్కడ మొదలుపెట్టాలో ఇంజినీర్లు ఆ పెట్టెలు చూసి నిర్ణయించేవారు.

కొన్నిచోట్ల రాయి నలిగి, నీళ్లతో కొట్టుకుపోయి పైకి వచ్చేది కాదు. అప్పుడు పెట్టెలో అంతమేర ఒక చెక్కముక్క పెట్టాలి. మేస్త్రి దాన్ని స్వయంగా కోసేవారు. ఎర్ర పెన్సిల్‌తో లోతు అంకె వేసి, కింద తెలుగులో "రాయి రాలేదు" అని రాసేవారు. మా విదేశీ ఇంజినీర్ కొన్నాళ్లకు ఆ రెండు మాటలూ పోల్చుకోవడం నేర్చుకున్నాడు.

"ఎండిన రాయి ఏం జెప్పది తమ్మీ, తడిపి సూడు" అనేవారు నాతో, పగుళ్లు కనబడేలా కడ్డీ మీద నీళ్లు చల్లుతూ. శుక్రవారం షినాస్‌లో చేపలు కొని పులుసు తనే వండేవారు. ఉప్పెక్కువైందంటే, "సముద్రం పక్కనే ఉన్నది గద, ఏం జేస్తం" అని ఇంకో గరిటె వేసేవారు.

ఒక బుధవారం రెండు దేశాల అధికారులు సైట్‌కు వస్తున్నారు. సొరంగం ముఖద్వారానికి గుర్తు పెట్టిన చోటి పెట్టెను ముందు వరసలో ఉంచారు. పరీక్ష కోసం మరుసటి నెల అక్కడే తవ్వడానికి మా క్యాంపులోని పన్నెండుమంది దిగాలి. మేస్త్రి ఆ పెట్టె చూసి ఆగిపోయారు. మూరెడు చెక్కముక్క ఉండాల్సిన చోట రాళ్లు నిండుగా ఉన్నాయి.

కడప నుంచి వచ్చిన డ్రిల్లర్ భాయ్ దగ్గరికొచ్చాడు. "బోసిగా ఉండాదని ముక్కలు జరిపి నింపినా అన్నా. పెద్దోళ్లు వస్తాండారు కదా."

"పెండ్లిపందిరి గిట్ల ఏస్తున్నవా భాయ్? రాయి రానికాడ కొండ బోలుగ ఉండొచ్చు. అది దాస్తె ఎట్ల?"

కార్ల దుమ్ము కనిపిస్తుండగానే ఆయన కింద కూర్చుని ముక్కలు విడదీయడం మొదలుపెట్టారు. మేనేజర్ పరుగున వచ్చాడు. ఈ ఒక్కరోజుకు ఉండనిమ్మన్నాడు. తర్వాత "వీసా క్యాన్సిల్ చేయిస్తా" అని అరిచాడు.

మేస్త్రి తలెత్తలేదు. "చేయించున్రి సాబ్. లోపల్కి పోయేది మా మనుషులు." చెక్కముక్కను మళ్లీ దాని చోట బిగించారు.

అధికారులు ఆ పెట్టె దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. సొరంగం ముఖద్వారాన్ని వేరేచోటికి మార్చమన్నారు. వీసా పోలేదు. మేస్త్రిని మాత్రం దూరంగా మత్రా రేవులోని కంపెనీ స్టోరుకు పంపారు. అక్కడ ఆరు నెలలు పైపులు మోశారు. భాయ్ వెళ్లి కాళ్లు పట్టుకోబోతే, "లే, లే. చాయ్ తాగుదాం పా" అన్నారట.

ఆ చలికాలం వానలకు మొదట గుర్తు పెట్టిన చోట కొండచరియ జారింది. అప్పుడక్కడ ఎవరూ లేరు. తవ్వి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆ పన్నెండుమందీ కాంట్రాక్టు ముగించుకుని ఇళ్లకు వెళ్లారన్నది మాత్రం తెలుసు. వాళ్ల చివరి డ్యూటీ షీట్లు రాసింది నేనే.

రైలు ఆ రోజుల్లో రాలేదు. సర్వే ముగిశాక టెంట్లు ఎత్తేశారు. తర్వాత నేను పత్రికలో చేరాను. తెలియని సంగతి తెలియదని రాయడానికి చెయ్యి వెనకాడినప్పుడల్లా ఆ మూరెడు చెక్కముక్క కళ్ల ముందుకొచ్చేది.

వచ్చే శుక్రవారం పదకొండో రోజు. కడప నుంచి భాయ్ బస్సులో బయల్దేరుతున్నాడు. ట్రంకుపెట్టెలో బట్టల కింద అలాంటి చెక్కముక్క ఒకటి దొరికిందని, ఫొటో పక్కన పెడతామని కూతురు చెప్పింది. రాత వెలిసిపోయిందట. ఎర్ర పెన్సిల్ తాను తెస్తానన్నాడు భాయ్.