పెద్దమ్మకు ఇచ్చిన కాగితం

సూలూరు దగ్గరి నూలుమిల్లులో సీతమ్మాళ్ సూపర్‌వైజరు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. తాతముత్తాతల నుంచీ కోయంబత్తూరు వాళ్లే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో చదివింది మాత్రం తమిళం. ఈ రెండో సంగతి ఆవిడ ఎవరి దగ్గరా ఎత్తేది కాదు.

ఆవిడ కింద పనిచేసేవాళ్లలో సగం మంది ఒడిశా, జార్ఖండ్ పిల్లలు. క్యాంటీన్‌లో వాళ్లతో కబుర్లంటే సైగలూ నవ్వులే. అలాంటి చోటికి ఆర్నెల్ల కిందట శ్రీకాకుళం నుంచి పైడితల్లి వచ్చిపడింది. సీతమ్మాళ్ నోట తెలుగు వినగానే ఆ పిల్ల ఏడ్చినంత పని చేసింది. ఆనాటి నుంచి పెద్దమ్మా పెద్దమ్మా అంటూ పక్కనే కూర్చుని తినడం, ఫోన్లో వచ్చిన తెలుగు జోకులు చూపించడం. ఈవిడ చూసి నవ్వడం. చదవడం రాదని ఒక్క ముక్క అంటే ఏం పోయిందమ్మా? పోతుంది మరి! మేం తెలుగోళ్లమని ఇన్నేళ్లు గొప్పగా చెప్పుకున్న మనిషికి నోరెలా వస్తుంది?

సోమవారం భోజనాల దగ్గర పైడితల్లి ఒక కాగితం చేతిలో పెట్టింది. గోంగూర పచ్చడి చేసే పద్ధతి రాసిస్తానని అంతకుముందే అని ఉంది. అదే కాబోలనుకుని సీతమ్మాళ్ పైనుంచి కిందికి కళ్లు తిప్పి, నవ్వి, "సరే కన్నూ, నేను పాత్తుకొంటా" అంది, చూసుకుంటానని. మర్నాటి నుంచి ఆ వారమంతా పైడితల్లికి రాత్రి షిఫ్టు, మళ్లీ భోజనాల దగ్గర కలవలేదు.

శనివారం పొద్దున గేటు దగ్గర రభస. మిల్లు హాస్టల్లోంచి సంచితో బయల్దేరిన పైడితల్లిని వాచ్‌మన్ ఆపేశాడు. సెలవు పాస్ లేదు.

"సోమవారం మాయమ్మకి ఆపరేసన్ పెద్దమ్మా! సెలవు కావాలని కాయితం మీద రాసిచ్చేను కదా! రైలుకి టైమైపోతంది."

అది పచ్చడి కాగితం కాదని సీతమ్మాళ్‌కి అప్పుడు తెలిసింది. వెంటనే మేనేజరు నల్లసామికి ఫోన్ చేసింది. ఆయన పొల్లాచ్చిలో ఏదో పెళ్లిలో ఉన్నాడు. మూడు రోజుల ముందు అడగని సెలవు ఇవ్వనని, పాస్ లేకుండా వెళ్తే మళ్లీ పనిలోకి రావద్దని చెప్పి పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పనిపోతే పైడితల్లి ఇల్లు గడవదు.

"కన్నూ, నాకు తెలుగు చదివేకి రాదు. మాట్లాడేది వొకటే వస్తాది."

పైడితల్లి ఆవిడ మొహంలోకి చూసింది. "జోకులన్నీ సదివి నవ్వేరు కదా? పంపడం ఇష్టం లేకపోతే ఆరోజే సెప్పాల్సింది. ఇలాటి అబద్ధం ఎందుకు?"

సీతమ్మాళ్ పిల్లల మీద ఒట్టేసింది. దేవుడి మీద ఒట్టేసింది. ఎవరు నమ్ముతారు? రైలు వెళ్లిపోయింది.

సోమవారం మధ్యాహ్నం పైడితల్లి ఒక్క ముక్క అర్థంకాని ఒడియా పిల్లల మధ్యకెళ్లి కూర్చుంది. సీతమ్మాళ్ పళ్లెం పట్టుకుని అక్కడికే వెళ్లి నిలబడింది.

"అమ్మకి ఎట్లుండాది కన్నూ?"

ఆ పిల్ల తలెత్తలేదు. తెలియదని, ఇక్కడికొచ్చాక నేర్చుకున్న నాలుగు తమిళ మాటల్లోంచి వెతికి తెచ్చి చెప్పింది.

"తెరియాదు, మేడమ్."