కోటయ్య గారు లేచేదాకా

కోవిడ్ రెండో అల తగ్గిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, నరసరావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరాను. అంతకుముందు నా ఉద్యోగమంతా సర్కారు ఆసుపత్రుల వంటశాలల్లోనే గడిచింది. అక్కడ నా పని పప్పులో పప్పు ఉందో లేదో చూడటం. ఇక్కడ బరువు తగ్గించే ఆపరేషన్లు కొత్తగా మొదలుపెట్టి, కోసిన తర్వాత రోగి ఏం తినాలో చెప్పడానికి ఒక మనిషి కావాలన్నారు. సర్జన్ గారి పేరు ఆసుపత్రి బోర్డు మీద మూరెడు అక్షరాలతో ఉండేది. నా గది క్యాంటీన్‌కీ బిల్లింగ్ కౌంటర్‌కీ మధ్య ఉండేది. మా ఇద్దరి హోదాల గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ ఆపరేషన్‌ను స్లీవ్ అంటారు. పొట్టను నిలువునా కోసి ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. మిగిలింది అరటికాయంత గొట్టం. దాని అంచును కుట్టేది సూదీ దారంతో కాదు, ఒక రకం స్టేప్లర్‌తో. సర్జన్ గారి పని ఒక పూటలో అయిపోతుంది. తర్వాత ఏడాదిన్నర పాటు జరిగేదంతా మా నెత్తిన పడుతుంది. మొదట పల్చటి నీళ్ళు, తర్వాత చిక్కటివి, ఆపైన మిక్సీ పట్టినవి, ఆపైన మెత్తటివి, చివరికి మామూలు తిండి. మామూలు తిండి అంటే చిన్న గిన్నెడు. చిటికెడు ముద్ద తీసుకుని నోట్లోనే గుజ్జయ్యేదాకా నమలాలి. అన్నం మధ్యలో నీళ్ళు తాగకూడదు, సోడా జోలికే పోకూడదు. ఆ చిన్న గిన్నెడు తినడానికి ముప్పావుగంట పట్టాలి. బరువు మొదట గబగబా తగ్గుతుంది, తర్వాత బతిమాలితే తగ్గుతుంది, కొన్ని వారాలు బతిమాలినా కదలదు. మధ్యలో జుట్టు ఊడుతుంది. ఇవన్నీ ముందే కూర్చోబెట్టి చెప్తాం. అందరూ తల ఊపుతారు. ఆ తలల మీద నాకు పెద్దగా నమ్మకం ఉండేది కాదు.

కోటయ్య గారు చాలా మర్యాదగా తల ఊపిన మనిషి. గురజాల పక్కన పల్లె. మిరప, పత్తి, కాస్త మాగాణి ఉన్న రైతు. ఆ చుట్టుపక్కల గట్టు తగాదా వచ్చినా, ఆలుమగల తగాదా వచ్చినా, కోర్టుకు పోయే ముందు ఆయన దగ్గరకు పోయేవాళ్ళు. మా తూకం మిషన్ మీద నూట నలభై కిలోలు దాటారు. షుగరుంది, మోకాళ్ళు అరిగాయి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆపరేషన్ కావాలి గానీ సంగతి ఊళ్ళో పొక్కకూడదన్నారు.

"మధ్యస్తానికి కూర్చున్నోడికి కుర్చీ నిండాలమ్మా. నిండకపోతే ఆడి మాట ఎవుడూ ఇనడు" అన్నారు.

మరి ఆపరేషన్ దేనికండీ అని అడిగాను.

"కూర్చున్నోణ్ణి లేవాల గదా" అన్నారు.

ఊళ్ళో మాత్రం పిత్తాశయంలో రాళ్ళని చెప్పి వచ్చారు. ఆ అబద్ధాన్ని కాపాడే ఉద్యోగం ఆయన భార్య రమణమ్మ గారికి పడింది. జీతం లేని ఉద్యోగం, సెలవులు కూడా లేవు. నెల తిరిగేసరికి కోటయ్య గారి చొక్కాలు వదులయ్యాయి. రెండో నెలకు బుగ్గలు పోయాయి. రాళ్ళు తీస్తే మనిషి ఇంత తగ్గాడేంది, లోపల బండరాళ్ళున్నాయా అని అడగటం మొదలైంది. కాన్సరని ఒక బజారు, టీబీ అని ఇంకో బజారు తేల్చేశాయి. ఎన్నడూ గడప తొక్కని చుట్టాలు కూడా పళ్ళ సంచులతో వచ్చి, ఆయన్ను కళ్ళారా చూసుకుని, ముక్కు చీదుకుంటూ పోయేవాళ్ళట. ఆ పళ్ళు తినడానికి కూడా ఆయనకు అనుమతి లేదు.

రమణమ్మ గారు నాకు ఫోన్ చేసేది. "మేడంగారూ, ఇంకా తగ్గతానే ఉన్నాడు. యాడన్నా ఆపే స్విచ్చి ఉందా దీనికి?" ఒకసారి మాత్రం, "ఇన్నేళ్ళు కంచం నిండా పెట్టిన చెయ్యమ్మా ఇది. ఇప్పుడు చెంచాతో కొలిచి పెడతంటే ఏడుపొస్తంది" అంది. ప్రోటీన్ పొడి పాలల్లో కలిపి ఇవ్వమని చెప్పి ఫోన్ పెట్టేశాను.

రెండో నెల చివర పరీక్షకు వచ్చినప్పుడు కోటయ్య గారు ఒక్క పూట భోజనానికి పర్మిషన్ అడిగారు. ఆయన అక్కకు ఇద్దరు కొడుకులు, సుబ్బారావు, హనుమంతు. పక్కపక్క పొలాలు, మధ్యలో ఉమ్మడి బోరు. ఆ బోరు నీళ్ళ దగ్గర మొదలై అన్నదమ్ములకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. తల్లి కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ ఉంటుంది. ఒకరింట్లో ఉన్నప్పుడు రెండోవాడి పేరెత్తే వీల్లేదు. ఇప్పుడామె మంచం పట్టింది. "అక్క పొయ్యేలోపల ఈళ్ళిద్దర్నీ ఒక బంతిలో చూపియ్యాలమ్మా. నాకు ఇంకేం అక్కర్లేదు" అన్నారాయన. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు.

వాళ్ళ వైపు రాజీకి ఒక పద్ధతుంది. కాగితాలు, సంతకాలు ఎన్నున్నా అది భోజనంతోనే ఖాయమవుతుంది. మధ్యస్తుడు నడుమ కూర్చుంటాడు, తగాదా పడినవాళ్ళు చెరోపక్క కూర్చుంటారు. ఆయన మొదటి ముద్ద ఎత్తాకే బంతిలో మిగతావాళ్ళు ఎత్తాలి. ఆయన లేచాకే లేవాలి. ఆయన విస్తట్లో వదిలేస్తే రాజీ ఆయనకు నచ్చలేదని అర్థం. నేను మాంసం వద్దన్నాను. మెత్తగా పిసికిన పప్పన్నం నాలుగు చెంచాలు తిని, మిగతాది డాక్టరు వద్దన్నాడని చెప్పమన్నాను. కోటయ్య గారు తల ఊపారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రమణమ్మ గారి ఫోన్ వచ్చింది. ఏడుస్తోంది, వెనక గోలగోలగా ఉంది. జరిగింది ఇది. పెద్దవాడు సుబ్బారావు ఇంట్లో భోజనం పెట్టారు. విస్తరి నిండా వేటమాంసం వడ్డించారు. బంతంతా ముద్ద ఎత్తకుండా ఆయన చేతివైపే చూస్తోంది. అంతమంది ముందు చిటికెడు ముద్దలు నమలడం మొహమాటమై, కోటయ్య గారు పాతకాలపు లెక్కలో రెండు ముక్కలు మింగేశారు. గొట్టంలో ముక్క ఇరుక్కుంది. ఇలా ఇరుక్కుంటే లాలాజలం కిందికి దిగదు, నురగై పైకి వస్తుంది. దిగాలని మంచినీళ్ళు తాగించారు. గ్యాసేమోనని సోడా పట్టించారు. చేయకూడనివన్నీ ఎంతో ప్రేమగా చేశారు.

మిరప, పత్తి పండే ఊళ్ళో మనిషి నోట్లోంచి నురగ వస్తే ఎవరికైనా ఒకటే గుర్తొస్తుంది, పురుగుమందు. తమ్ముడు హనుమంతు లేచి, మా అన్న మావయ్యకు మందు పెట్టాడని అరిచాడు. అన్న సుబ్బారావు తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. కోటయ్య గారిని ఆటోలో వేసుకుని దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. విషం తాగినవాళ్ళకు చేసినట్టే గొట్టం వేసి పొట్ట కడగబోతున్నారు.

స్టేప్లర్ వేసిన పొట్ట ఇంకా గట్టిపడలేదు. దాంట్లోకి లావుపాటి గొట్టం దించి నీళ్ళు కొడితే కుట్టు తెగొచ్చు. తెగితే మనిషి దక్కడు.

గొట్టం వేయనీయకండి, ఆపరేషన్ సంగతి చెప్పెయ్యండి అన్నాను.

"చెప్తే ఆయన నన్ను బతకనీయడమ్మా!"

"చెప్పకపోతే ఆయనే బతకడు. ఫోన్ స్పీకర్లో పెట్టి డాక్టరుకు ఇవ్వండి."

రోగి రహస్యం రోగి సొత్తు. పాతికేళ్ళుగా నా కింద పనిచేసే కొత్తవాళ్ళకు నేను చెప్పిన పాఠమే ఇది. ప్రాణం మీదికొస్తే దాన్ని పక్కన పెట్టాలన్నదీ ఆ పాఠంలోనే ఉంది. నేను నోరు తెరిచేలోపల అవతల కోటయ్య గారి గొంతు వినిపించింది. ఊస్తూ, దగ్గుతూ, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"ఆపండ్రా! కడగటానికి ఆడ పొట్ట యాడుందిరా నాకు? కోయించి తీయించుకున్నా. నేనే మింగా ముక్క. ఎవుడూ ఏం పెట్టలా."

నేను డాక్టరుకు సంగతి చెప్పి, కూర్చోబెట్టమని, ఇంకేమీ తాగించొద్దని, వెంటనే మా దగ్గరకు పంపమని అన్నాను. ఫోన్ ఇంకా పెట్టలేదు. సుబ్బారావనుకుంటాను, "ఎంత తీశారు మావా?" అని అడిగాడు. "ముప్పావు పైన" అన్నారాయన. తర్వాత హనుమంతు గొంతు, "ఆ మిగిలిన పావులో ఇరుక్కుందా మా అన్న పెట్టిన ముక్క?" అంది. ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. రమణమ్మ గారు అందరినీ కలిపి ఒక తిట్టు తిట్టింది, అది రాయడం బాగుండదు.

దారిలో పిడుగురాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ముక్క దానంతటదే బయటికి వచ్చేసింది. మా ఆసుపత్రికి చేరేసరికి కోటయ్య గారు నీరసంగా, చాలా కోపంగా ఉన్నారు. ప్రాణం దక్కింది. రహస్యం పోయింది. రాజీ కూడా పోయింది, నవ్వినంత మాత్రాన మందు పెట్టావన్న మాట వెనక్కి పోదు కదా. "అక్కకేం చెప్పేదమ్మా" అని ఒక్క మాటే అన్నారు. సెలైన్ ఎక్కుతున్నంతసేపు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

తర్వాత నాలుగైదు నెలలు ఆయన నేను చెప్పినట్టే తిన్నారు. దాచడానికి ఏమీ మిగలని మనిషికి పథ్యం సులువు. నేనిచ్చిన తిండి చార్టును వంటింటి తలుపుకు అంటించుకున్నారట. బరువు నూట పది దగ్గర మొండికేసింది. జుట్టు ఊడింది. ఊళ్ళో మాట నిలబడదేమోనని భయపడ్డారు గానీ, జనం వస్తూనే ఉన్నారు. సగం మంది తగాదా చెప్పుకోడానికి, సగం మంది పొట్ట మచ్చలు చూడడానికి.

కార్తీకం వెళ్ళాక మళ్ళీ భోజనం పెట్టారు. ఈసారి తమ్ముడు హనుమంతు ఇంట్లో, తల్లి అప్పుడు అక్కడే ఉంది. నన్నూ రమ్మన్నారు. పర్మిషన్ ఇచ్చే మనిషి ఎదురుగా ఉంటే మంచిదని కోటయ్య గారు అనుకున్నట్టున్నారు. బస్సు దిగి ఆటోలో వెళ్ళాను. తల్లి మంచాన్ని వసారాలో, బంతి కనబడేలా వేశారు. ఆయన నడుమ కూర్చున్నారు. అన్నదమ్ములు చెరోపక్క కూర్చుని చెరో గోడ చూస్తున్నారు.

కోటయ్య గారు చిటికెడు ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టారు. ఈసారి ఎవరి మొహమూ చూడలేదు. పది నిమిషాల్లో మిగతావాళ్ళ విస్తళ్ళు ఖాళీ అయ్యాయి. ఆయన ఇంకా రెండో మూడో ముద్దలో ఉన్నారు. లేవడానికి లేదు. మజ్జిగ కూడా అయిపోయింది. చేతులు ఎండుతున్నాయి. ఆయన నములుతూనే ఉన్నారు.

చివరికి హనుమంతు వంగి, ఆయన పొట్ట మీదుగా అటు చూశాడు. ఒకప్పుడైతే అటు కనబడేదే కాదు.

"అన్నా, ఇంకెంతసేపంటావ్?"

సుబ్బారావు ఎండిన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత "మేడంగారి చేతిలో ఉంది" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "మీ వైపు కాయకు తెగులు తగిలిందంటగా" అన్నాడు. తగిలిందన్నాడు తమ్ముడు. ఏం మందు కొట్టావన్నాడు అన్న. తెగులు నుంచి నీటి తడికి, తడి నుంచి బోరు మోటారుకు వచ్చింది మాట. మోటారు కాలిపోయి మూలన పడి ఉందని, చేయించడానికి ఎవరికి వాళ్ళు అవతలివాడు రావాలని చూస్తున్నారని అప్పుడు బయటపడింది. మధ్యలో కూర్చున్న మధ్యస్తుడు ఒక్క మాట మాట్లాడలేదు. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదని నేనే చెప్పాను.

వసారాలోంచి ముసలమ్మ గొంతు వినబడింది.

"ఒరేయ్ కోటీ, తొందరేం లేదురా. నిదానంగా నమిలి తిను."

ఆయన తల ఊపారు. ఆ తల ఊపడాన్ని నేను నమ్మాను.

ఆయన లేచేసరికి బోరు నీళ్ళకు వంతులు ఖాయమయ్యాయి. ఊళ్ళో ఆ ఘనతంతా కోటయ్య గారి ఓర్పుకు, తెలివికి ఇచ్చారు. ఆయన కాదనలేదు. తర్వాత చుట్టుపక్కల ఏ రాజీ కుదరకపోయినా ఆయన్ను భోజనానికి పిలవడం మొదలుపెట్టారు. నేను రిటైరయ్యేనాటికి ఆయన బరువు తొంభై అయిదు. కుర్చీ నిండటం లేదని ఇరుకుగా ఉండే కొత్త కుర్చీ ఒకటి చేయించుకున్నారని రమణమ్మ గారు చెప్పింది.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒకటే మార్పు చేసుకున్నాను. కొత్త రోగి వస్తే మేం మొదట అడిగేది ఏం తింటారు, ఎంత తింటారు, ఎన్నిసార్లు తింటారు అని. దానికి అందరూ అబద్ధమే చెప్తారు. అందుకని ఆ ప్రశ్నలను కిందికి జరిపి, మొదటి ప్రశ్న వేరేది పెట్టుకున్నాను. దానికి మాత్రం ఎవరూ అబద్ధం చెప్పలేదు: మీరు లేచేదాకా లేవకుండా ఎవరు కూర్చుంటారు?