పదునులో ఆఖరి చేను

మొన్న ఆశ్వయుజంలో, వాన వెలిసి రెండు రోజులైనాక, అక్కా బావలతో కలిసి కడపలో కమలాపురం వైపు పోయే బస్సెక్కాను. బావ వాళ్ళ ఊళ్ళో ఆయనకు చిన్నాయన వరసయ్యే పెద్దాయన పోయాడు, ఆ రోజు పెద్దకర్మ. ముందు సీట్లో కిటికీ పక్కన బావ, ఆయన పక్కన అక్క, వాళ్ళ వెనక సీట్లో నేను. ఊరు దాటీ దాటకముందే ముందర లారీ ఏదో అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది. కుడిపక్క ముళ్ళకంచె వెనక ఒక ఖాళీ జాగా, దాన్నిండా ట్రాక్టర్లు. కంతులు కట్టలేదని ఫైనాన్సు వాళ్ళు పట్టుకొచ్చి నిలబెట్టినవి. టైర్లు కుంగిపోయాయి. ఇంజన్ల మీద ఎప్పుడో పెట్టిన పసుపూ కుంకుమా వానకు కారి చారలు కట్టాయి. ఒకదానికి ఎండు మిరపకాయల దండ ఇంకా వేలాడుతోంది. ఒకదాని ముందు ‘అమ్మ దీవెన’ అని, ఇంకొకదాని మీద ఎవరో ఆడబిడ్డ పేరు రాసి ఉన్నాయి. బస్సులో ఉన్న అందరూ అటే చూస్తున్నారు. బావ మాత్రం ఎడమపక్కకు తిరిగి, గోడ మీది సిమెంటు ప్రకటన చదువుతున్నాడు. బస్సు కదిలేదాకా చదివాడు. ఆ గోడ మీద ఉన్నది నాలుగు ముక్కలే.

మా బావ సంగతి చెప్పాలంటే ముందు పదును సంగతి చెప్పాలి. ఆయన చేను నల్లరేగడి. వాన పడితే కాలు మోకాలిదాకా దిగుతుంది, ఎండితే చెయ్యి దూరేటంత నెరియలిస్తుంది. ఈ రెంటి మధ్య, మట్టి పిడికిట్లో పడితే ముద్దయి, వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలే స్థితి ఒకటుంటుంది. దాన్నే పదును అంటారు. మూడు నాలుగు రోజులు ఉంటే గొప్ప, గాలి లేచిందా అంతకూడా ఉండదు. ఆ పదునులో శనగ విత్తనం పడితే ఆ ఏడు అన్నం, పడకపోతే లేదు. నీళ్ళ వసతి ఉన్నవాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుతారు. నేను బడిపంతులమ్మను, దసరా సెలవులు ఇవ్వగానే సంచి సర్దుకుని అక్క ఇంటికి పోయేదాన్ని. పోయిన మొదటి పూట జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరుబిండి పెట్టేది అక్క. నేను తింటూ ఉంటే బావ గుప్పెడు మట్టి తెచ్చి, కంచం పక్కన నేల మీద పెట్టి, ‘చూడు మరదలా, పదునుకొచ్చిందో లేదో నువ్వే చెప్పు’ అనేవాడు. అన్నం దగ్గర మట్టేమిటని అక్క చీపురు తెచ్చేది.

బావ వాళ్ళ నాయన కాలం నుంచి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఊళ్ళో విత్తనం వేసే మంచి గొర్రు, మంచి ఎద్దులు వాళ్ళవే. విత్తే రోజుల్లో ముందు ఎద్దులు లేనివాళ్ళ చేన్లు, మగదిక్కు లేని ఇళ్ళవాళ్ళ చేన్లు విత్తి, సొంత చేనికి ఆఖర్న పోవాలి. గొర్రు చేతిలో ఉన్నవాడు ముందు తన చేను విత్తుకుంటే ఊళ్ళో తలెత్తుకోలేడని ఆ నాయన నమ్మకం. ‘మన చేను యాడికి పోతాదిలే’ అనేవాడట. ఆ మాట బావకు పొలంతో పాటు వారసత్వంగా వచ్చింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని అక్క సతాయిస్తే, ఆయన మీసం కింద నవ్వి ఆ ఒక్క మాటే అనేవాడు. అప్పట్లో అది చెల్లింది కూడా. ఎద్దులు చాలామందికి ఉండేవి, లేనివాళ్ళు నలుగురైదుగురు, అంతే.

ట్రాక్టరు ఆశ ఆయనకు ఎక్కించింది ఫైనాన్సు కంపెనీ మనిషి. పాపం, చెడ్డవాడని చెప్పలేను. చెప్పులు బయట విడిచి వచ్చి, మజ్జిగ అడిగి తాగి, అక్కను ‘అమ్మా’ అని పిలిచేవాడు. బండిని నాలుగు ఊళ్ళు బాడిగకు తిప్పుకుంటే కంతులు బండే కట్టుకుంటుందని లెక్క వేసి చూపించాడు. కంతులు ఏడాదికి రెండు, ఆరు నెలలకొకటి. మాకు ఏడాదికి ఒకటే పంట గదప్పా, రెండో కంతు యాడ నుంచి తెచ్చేది, అని బావ అడగనే అడిగాడు. రెండు కంతులు రాస్తే తప్ప కంప్యూటరు ఒప్పుకోదని ఆయన చెప్పాడు. మా నల్లరేగడి సంగతి దానికెవరు చెప్పాలి? బండితో పాటు పొలం కాగితాలు కూడా పెట్టుకున్నారు. ముందుగా కట్టాల్సిన సొమ్ముకు బావ ఎద్దులను అమ్మాడు. సంత నుంచి ఒట్టి పలుపుతాళ్ళు పట్టుకుని ఇంటికొచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదని అక్క చెప్పింది.

బండి వచ్చిన రోజు మాత్రం ఊరంతా పండగే. మామిడాకులు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు, గుమ్మడికాయ కొట్టారు. ముందర ‘నాయన దీవెన’ అని రాయించాడు బావ. అక్క హారతి పళ్ళెంతో వస్తే, సవతికి హారతిస్తున్న పెళ్ళాన్ని ఇప్పుడే చూస్తున్నానని నేను ఆటపట్టించాను. అక్క కూడా నవ్వింది. ఆ ఏడు వానలు రెండుసార్లు పడ్డాయి, అందరి చేన్లూ పదునులో పడ్డాయి, ఆఖర్న బావ చేను కూడా. కంతులూ కట్టాడు. అయితే అదే ఏడు ఇంకొకటి జరిగింది. ట్రాక్టరుండగా ఎద్దులకు మేత ఎవరు పెడతారని ఊళ్ళో వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తమ ఎద్దులను అమ్మేసుకున్నారు. మళ్ళీ దసరాకు నేను పోయేసరికి ఊళ్ళో ఒక్క కాడి కూడా లేదు. ఎద్దులు లేనివాళ్ళు నలుగురు కారు, ఊరంతా లేనివాళ్ళే. అందరికీ కలిపి ఒకే పదును, ఒకే బండి. ఆ బండి సొంతగాడి చేను ఆఖర్న.

ఆ ఏడు ఒకే వాన పడింది. నేల ఆరగానే వాకిట్లో జనం. బావ మూడు పగళ్ళు బండి దిగలేదు. గొర్రు మీద నిలబడి విత్తనం పోసే మనుషులు మారారు కానీ ఆయన మారలేదు. అక్క సద్ది కట్టి చేన్ల వెంట తిరిగింది. మన చేను పక్కనుంచే పోతున్నావు గదయ్యా, రెండు చుట్లు తిప్పి పో, అని దారికి అడ్డంగా నిలబడి అడిగింది. అప్పుడు విత్తాల్సింది మొగుడు పోయిన ఒకామె చేను. ఆమె గట్టు మీద విత్తనాల గంప పెట్టుకుని కూర్చుని ఉంది. బావ ఆమె చేనికే పోయాడు. నాలుగో రోజు పొద్దున తన చేనికి బండి తిప్పేసరికి పడమటి గాలి లేచింది. మధ్యాహ్నానికి ఆయన పిడికిట్లో మట్టి ముద్ద కావడం మానేసింది. వేస్తే విత్తనం కూడా పోతుందని గొర్రు పైకెత్తి ఇంటికి తెచ్చాడు. ఊరి చుట్టూ పచ్చగా శనగ మొలిస్తే, నడుమ ట్రాక్టరు ఉన్నాయన చేను నల్లగా బీడు పడి ఉంది. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. ఈ రోజుకీ, ఆ చేను తలుచుకుంటే మండుతుంది.

బాడిగలన్నీ అరువే. శనగ అమ్మినాక ఇస్తామన్నారు. శనగ వచ్చింది, ధర మాత్రం రాలేదు. ధర కోసం బస్తాలు గోదాములో పెట్టుకుని కూర్చున్నారు అందరూ. వాళ్ళనూ అనలేం, వాళ్ళకుండే అప్పులు వాళ్ళకున్నాయి. అడగమని అక్క పోరింది. ఇచ్చేవాడు ఇయ్యకుండా ఉండలేడు, లేనోణ్ణి అడిగితే ఏమొస్తాది, అని బావ తువ్వాలు దులుపుకుని అరుగెక్కి కూర్చునేవాడు. ఒక కంతు వడ్డీకి తెచ్చి కట్టాడు. తర్వాతి రెండూ కట్టలేదు. మజ్జిగ తాగిన మనిషి రావడం మానేశాడు, ఆయన స్థానంలో ఫోన్లు వచ్చాయి. ఆ ఫోన్లలో ఎవరూ ఎవరినీ ‘అమ్మా’ అనలేదు. నా మెడలో గొలుసు తీసి ఇస్తానన్నాను. మరదలి మెడ బోసి చేసి బండి తోలాల్నా అని కోప్పడ్డాడు. ఆయన నామీద కోప్పడింది ఆ ఒక్కసారే.

మళ్ళీ దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు బండికి బొట్టు పెట్టాం కానీ గుమ్మడికాయ కొట్టలేదు. మరుసటి వారం వాన పడింది. ఈసారి మాత్రం మన చేనే ముందు అని అక్క ఒట్టు వేయించుకుంది. తలమీద చెయ్యి పెట్టించుకుని మరీ. బావ నిజంగానే ఆ పొద్దున బండిని సొంత చేనికే తిప్పాడు. దారిలో పక్క చేను ముసలాయన ఎదురొచ్చి నిలబడ్డాడు. పోయినేడు తన చేను చివర్లో పడి సగమే మొలిచిందని, ఈ ఏడు కూడా పోతే బతకలేనని ఏడ్చాడు. చిన్నది, ఎంతసేపు పడుతుందిలే అని బావ ముందు దానిలోకి దిగాడు. అక్కా నేనూ గట్టు మీద మా విత్తనాల బస్తాల పక్కన కూర్చుని చూస్తున్నాం. చేను సగమైనాక జీపు వచ్చి ఆగింది. ముగ్గురు దిగారు. పదును రోజున బండి ఎక్కడుంటుందో వెతకక్కర్లేదు, ఆ సంగతి వాళ్ళకు తెలుసు. వాన పడేదాకా కాచుకుని వచ్చారు.

కాగితం చూపించారు, గట్టిగా కూడా మాట్లాడలేదు. ఊరు మూగింది. వీళ్ళు బావ పక్షాన నిలబడతారని నేను లేచి నిలబడ్డాను. ఒకాయన ముందుకొచ్చి, ‘ఏమప్పా, మా చేన్లు అయ్యేదాంకా ఆగితే మీకేం పోతాది?’ అని అడిగాడు. ఇంకొకాయన తనది ఎకరమే అన్నాడు. బావ గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఏరు దాటకముందే తెప్ప తగలేసేవాళ్ళను ఆ రోజు చూశాను. కాదులే, వాళ్ళ కళ్ళలో భయం కూడా చూశాను. వాళ్ళ చేతుల్లో విత్తనాలున్నాయి, కాళ్ళ కింద నేల ఆరిపోతోంది. బావ బండి మీదనుంచి దిగకుండా, ‘ఈ చాలు కడాకు పోనీండప్పా’ అన్నాడు. జీపులో వచ్చినాయన తలూపాడు. బావ ఆ చాలు వంకర పోకుండా, విత్తనం తప్పకుండా, చివరిదాకా తోలి, గొర్రు విప్పి గట్టున పెట్టి, తాళం వాళ్ళ చేతికిచ్చాడు.

అక్క అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. బండి కనుమరుగయ్యాక ఆయన దగ్గరికి పోయి, ‘ఆ ఒక్క చాలు మన చేన్లో ఏసింటే చూసుకునేదాన్ని గదయ్యా’ అంది. బావ వంగి మా చేని మట్టి పిడికిట్లోకి తీసుకుని చూశాడు. మంచి పదునుమీద ఉంది.

తర్వాతి కథ అందరిదీ ఒకటే. వేలంలో బండికి వచ్చింది బాకీకి చాలలేదు. మిగిలినదానికీ, వడ్డీకి తెచ్చినదానికీ కలిపి చేను అమ్మారు. రావాల్సిన బాడిగల్లో కొన్ని వచ్చాయి, కొన్ని మనుషులతో పాటే పోయాయి. కడపలో మా ఇంటికి రెండు వీధుల అవతల బాడిగ ఇంట్లో ఉంటున్నారు ఇప్పుడు. బావ ఒకాయన దగ్గర నీళ్ళ ట్యాంకరు తోలుతాడు, అదీ ట్రాక్టరే. ఎండాకాలం ఆ వీధిలో అందరి డ్రమ్ములూ నిండినాక అక్క డ్రమ్ము వంతు వస్తుంది. ఒక్కోసారి సగమే వస్తుంది. అక్క ఏమీ అనదు. ఆ అనకపోవడం నాకు భయంగా ఉంటుంది.

బస్సు కదిలింది, తారు రోడ్డు వదిలి ఊరి రోడ్డెక్కింది. ఎంత వద్దనుకున్నా ఆ చేను మీదుగానే పోవాలి. చేనిలో కొత్త ట్రాక్టరు తిరుగుతోంది. చేను కొన్నాయన కొడుకుది కావచ్చు. చుట్టుపక్కల చేన్లలో ఇంకా ఎవరూ దిగలేదు. బావ తల బయటికి పెట్టి, చాళ్ళు ఎట్లా పడుతున్నాయో చూశాడు. ముఖం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి నాతో, ‘చూసినావా మరదలా, ఈ తూరి మన చేను ముందు పడతాండాది’ అన్నాడు. అక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను అవును బావా అన్నాను, ఇంకేమనాలి?

మన చేను యాడికి పోతాదిలే అనేవాడు. నిజమే, అది ఎక్కడికీ పోలేదు. ఆ నాలుగు గట్ల నడుమే ఉంది, ఏటేటా వానకు తడుస్తూ, పదునుకొస్తూ. కాలం తీసుకుపోయింది మమ్మల్ని.