గేటమ్మ పచ్చ అట్ట

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఈ సామెత పుట్టించినవాడెవడో తెలియదు గానీ, తప్పకుండా ఏదో ఒక సినిమాహాలు గేటు దగ్గర కూర్చుని ఉంటాడు. లేకపోతే ఇంత కచ్చితంగా చెప్పడం ఎవరి వల్ల అవుతుంది?

గేటమ్మది టికెట్లు చింపే ఉద్యోగం. చింపి సగం చేతికిచ్చి, సగం డబ్బాలో వేసి, "మెట్లెక్కి ఎడమవైపు" అని చెప్పడం. అంతటితో ఆగి ఉంటే ఆమె బతుకు హాయిగా గడిచిపోయేది. ఆగనిచ్చిందెవరు? ఆదివారం పొద్దుటి ఆట పిల్లలకోసం అని పెట్టిన తర్వాత టికెట్ల కిటికీ పక్కన మేకుకు ఒక అట్ట వేలాడదీయడం మొదలైంది. పచ్చదైతే పిల్లల్ని తీసుకురావచ్చు. ఎర్రదైతే వద్దు. ఏ సినిమాకు ఏ అట్టో తేల్చాల్సింది గేటమ్మ.

నిజానికి ఆ పని మేనేజరుది. ఒక రాకెట్టు సినిమాకు పచ్చ అట్ట పెట్టి, ఒక తండ్రి చేత చొక్కా కాలరు పట్టించుకున్నాక ఆయనకు ఉన్నట్టుండి జ్ఞానోదయం అయింది. "మనవరాలున్న మనిషివి. పిల్లల సంగతి నీకు తెలిసినట్టు నాకేం తెలుస్తుంది గేటమ్మా?" అని రెండు అట్టలూ ఆమె చేతిలో పెట్టాడు. పొగిడి ఎదుటివాళ్ళ నెత్తిన బరువు పెట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఇక అక్కడి నుంచి చూడాలి ఆమె అవస్థ. ఒకావిడ పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చి, "ఆ సముద్రం సినిమాకి పచ్చ అట్ట ఎట్లా పెట్టారండీ? మావాడు బకెట్లో నీళ్ళు చూస్తే ఆక్టోపస్ అని అరుస్తున్నాడు, వారం నుంచి స్నానం లేదు!" అని నిలదీస్తుంది. ఆవిడ అటు వెళ్ళగానే ఒకాయన, "డైనోసార్ల సినిమాకి ఎర్ర అట్ట ఏంటండీ? మా పిల్ల ఇంట్లో ఫోనులో ఇంతకంటే ఘోరమైనవి చూస్తోంది!" అని ఎగురుతాడు. 'చూస్తోందా? మరి ఫోను చేతికిచ్చిందెవరు నాయనా?' అని గేటమ్మకు గొంతుదాకా వస్తుంది. మింగేస్తుంది. ఒక మాస్టారు సైన్సు సినిమాలు చూస్తేనే పిల్లల బుర్ర ఎదుగుతుందంటాడు. ఆయన పక్కింటాయన, గాల్లో ఎగిరేవాణ్ని చూసి తన కొడుకు డాబా పిట్టగోడ ఎక్కాడంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఇద్దరూ తిట్టేది మాత్రం గేటమ్మనే.

ఆమెకూ ఒక పద్ధతి ఉంది. కొత్త సినిమా వచ్చిన రోజు మొదటి ఆటకు తలుపు పక్కన కర్టెను అంచు పట్టుకుని నిలబడి చూస్తుంది. రక్తం కనిపించిందా? కోరలు కనిపించాయా? పిల్లలెవరైనా ఎత్తు మీది నుంచి దూకారా? ఏ ఒక్కటి ఉన్నా ఎర్ర అట్టే. ఆక్టోపస్సుకు కోరలుండవు కాబట్టి అది ఎలాగో జారిపోయింది గానీ, మామూలుగా సాహసం అన్న మాట ఉన్న ప్రతి సినిమా ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట చిక్కుకునేది. దాంతో ఆదివారాలన్నీ బాతు పిల్లల బొమ్మల సినిమాయే ఆడేది. పిల్లలు రావడం తగ్గింది. "ఆ బాతుల్ని చూసీ చూసీ నాకు ఈకలు మొలిచేట్టున్నాయి అక్కా," అన్నాడు ఒకరోజు ఆపరేటరు. ఆమెతోపాటే ఈ హాల్లో చేరి, ఆమెతోపాటే జుట్టు నెరిసిన మనిషి. "ఆ సినిమాలన్నీ చివరికి బాగానే ముగుస్తాయి కదా. అది కూడా కాస్త లెక్కలోకి తీసుకోరాదూ?"

"రెండు గంటలు హడలగొట్టి రెండు నిమిషాలు నవ్విస్తే సరిపోయిందా? చెంప మీద కొట్టి చాక్లెట్టు ఇచ్చినట్టు!" అంది గేటమ్మ.

మాట గట్టిగానే అంది. కానీ ఒక సంగతి ఉంది. ఆ రెండు నిమిషాలూ ఆమె ఎప్పుడూ చూడలేదు. ఏ సినిమాకూ చూడలేదు. ఆఖరి సీను నడుస్తుండగానే ఆమె బయటికి వెళ్ళి, పక్క సందులోకి తెరుచుకునే పెద్ద తలుపుల గడియలు తీసి, వాటిని గోడకు కొక్కేలతో తగిలించాలి. లైట్లు వెలిగాక తీస్తే జనం ఒకరిమీద ఒకరు పడతారు. ఉద్యోగంలో చేరిన రోజున చెప్పిన మొదటి మాట అది. కాబట్టి రాక్షసుడు పిల్లాణ్ని పట్టుకున్నంతవరకే ఆమెకు తెలుసు. ఓడ మునిగినంతవరకే తెలుసు. తర్వాతదంతా తలుపు అవతలి నుంచి వినిపించే చప్పట్లే.

ఇదంతా హాలు గొడవ. ఇంటి గొడవ వేరే ఉంది. గేటమ్మ కూతురు ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలు కూడా డ్యూటీ ఉంటుంది. అందుకని పొద్దున్నే తన కూతుర్ని తెచ్చి తల్లి దగ్గర దింపి వెళ్తుంది. ఆ పిల్ల ఒక్కచోట కుదురుగా ఉండదు కాబట్టి అందరూ ఉడత అంటారు. వారమంతా టికెట్లు చింపుతూ, తిట్లు తింటూ గేటమ్మ ఓర్చుకునేది ఆ ఒక్క పూట కోసమే. తలుపు పక్క సీటులో ఉడత కాళ్ళూపుకుంటూ కూర్చుంటే, ఆమె కర్టెను దగ్గర నిలబడి తెరను చూడడం మానేసి మనవరాలి మొహం చూసేది.

ఆక్టోపస్ సినిమా ఉడత కూడా చూసింది. ఆ తర్వాత మంచం కిందకి తొంగిచూడందే పడుకోనంది. కూతురు అగ్గిమీద గుగ్గిలమైంది.

"అమ్మా, నీకు చెప్పడం ఇదే ఆఖరు. ఇంకోసారి ఇది భయపడి ఇంటికొచ్చిందంటే ఆదివారాలు పక్కింటావిడ దగ్గర వదిలేస్తా. హాలు గడప తొక్కనివ్వను."

"నేనేదో కావాలని చేసినట్టు మాట్లాడతావేంటే?"

"ఊరందరి పిల్లలకీ అట్టలు పెట్టేదానివి, మన పిల్ల సంగతి తెలియకపోతే ఎట్లాగమ్మా?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది గేటమ్మ పని. ఆ రోజంతా కనిపించినవాళ్ళమీదల్లా విసుక్కుంది.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఆకాశం సినిమా. మంచు కప్పిన ఒక దూరపు గ్రహం మీద తల్లీ కూతురూ ఉంటారు. ఏదో బాగుచేయడానికి తల్లి గాల్లో ఎగిరే ఓడెక్కి వెళుతూ, తన గ్లౌజుల్లో ఒకటి తీసి కూతురికిస్తుంది. "రెండోది నా దగ్గరుంటుంది. వచ్చాక జత చేద్దాం," అంటుంది. ఓడ దారి తప్పుతుంది. రేడియో మూగబోతుంది. ఆ పిల్ల ఒక సొట్టలు పడ్డ రోబోను వెంటబెట్టుకుని, ఓడలకు దారి చూపే కొండమీది దీపం ఆరిపోయి ఉంటే, దాన్ని వెలిగించడానికి బయలుదేరుతుంది. గేటమ్మ తన మూడు ప్రశ్నలూ వేసుకుంది. రక్తం లేదు. కోరలు లేవు. ఎవరూ ఎక్కడినుంచీ దూకలేదు. ఆపరేటరు కూడా మంచి సినిమా అన్నాడు. మేనేజరు బతిమాలాడు. "సరే, ఏడవండి," అని పచ్చ అట్ట తగిలించింది.

ఆ ఆదివారం హాలు నిండింది. ఉడత తన సీట్లో ముందుకు జరిగి కూర్చుంది. రేడియో ఆగిపోయింది. తెరమీది పిల్ల "అమ్మా, వినిపిస్తోందా?" అని పిలిచింది. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచింది. అప్పుడు గేటమ్మ చూసింది, ఉడత బుగ్గల మీద కన్నీళ్ళు ధారలు కట్టాయి. రెండు చేతులతో నోరు మూసుకుని వెక్కుతోంది.

నర్సు కూతురు, రోజూ అమ్మ బూట్ల చప్పుడు మెట్లమీద దూరమవడం వినే పిల్ల. తల్లి రాకపోవడం కంటే ఈ పిల్లకు పెద్ద కోర ఏముంటుంది? తన బుర్రకు ఇది తట్టలేదేం? 'అయిపోయింది, ఆదివారాలు పోయాయి,' అనుకుని ఒక్క ఊపున మనవరాలిని ఎత్తుకుని బయటికి నడిచింది.

"వద్దమ్మమ్మా! దించు! నేను చూడాలి!" ఉడత కాళ్ళు కొట్టుకుంది. గేటమ్మ వినలేదు. మెట్లమీద కూర్చోబెట్టి మొహం తుడిచి, బిస్కెట్లిచ్చింది. ఉడత బిస్కెట్లు ముట్టలేదు. కాసేపటికి గేటమ్మ వెళ్ళి పెద్ద తలుపుల గడియలు తీసింది. లోపల పిల్లలందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

"ఎందుకు కొడుతున్నారు? వాళ్ళమ్మ వచ్చిందా?" అని అడిగింది ఉడత.

"వచ్చే ఉంటుందిలే."

"ఉంటుందిలే అంటే?"

గేటమ్మ రెండో తలుపు కొక్కెం తగిలించడంలో పడింది.

మర్నాడు సాయంత్రం డ్యూటీ ముగించి వచ్చి ఫోనులో కూతురు కేకలు వేసింది. ఆ పొద్దున తల్లి డ్యూటీ బూట్లను ఉడత ఎక్కడో దాచేసింది. ఎంత అడిగినా చెప్పలేదు. చెప్పులతో వెళ్తే ఆసుపత్రిలో ఊరుకోరు. పక్కింటావిడ బూట్లు అరువు తీసుకుని, ఏడ్చే పిల్లను చేతుల్లోంచి విడిపించుకుని వెళ్ళాల్సి వచ్చింది. "చాలమ్మా, నీకో దణ్ణం, నీ సినిమాలకో దణ్ణం! ఇక పంపను," అంది.

"భయపడుతోందనే కదే బయటికి తీసుకొచ్చాను!"

"ఏం తీసుకొచ్చావో! వాళ్ళమ్మ వచ్చింది లేవే అని నేను వందసార్లు చెప్పా. నువ్వు చూశావా అంటుంది. నేనెక్కడ చూశాను?"

గేటమ్మ పరుగున వెళ్ళి ఆపరేటరును అడిగింది. "వచ్చిందక్కా," అన్నాడు. వెంటనే ఫోను చేసి ఉడతను పిలిపించి, వచ్చిందటే అని చెప్పింది.

"నువ్వు చూశావా?"

"ఆపరేటరు తాతయ్య చూశాడు."

"అయితే నువ్వు చూడలేదుగా," అని ఉడత ఫోను పెట్టేసింది.

తర్వాతి ఆదివారం తలుపు పక్క సీటు ఖాళీగా ఉంది. గేటమ్మకు ఒళ్ళంతా మంటెత్తింది. ఎవరో ఒకావిడ వచ్చి, "పిల్లల్ని ఇట్లా ఏడిపించే సినిమాకి పచ్చ అట్టా?" అంది. ఇంకొకావిడ, "మావాడికి ఎంత నచ్చిందోనండీ, రెండోసారి తెచ్చా," అంది. "మీరిద్దరూ ఒకచోట కూర్చుని తేల్చుకుని రండమ్మా, నన్ను చంపకండి!" అని ఇద్దరిమీదా అరిచింది. మేనేజరు గదిలోంచి తల బయటపెట్టి, వెంటనే లోపలికి లాక్కున్నాడు. సాయంత్రం నుంచి సినిమా మారిపోతుంది. ఇదే ఆఖరి పొద్దుటి ఆట.

కొండమీద పిల్ల దీపం దగ్గరికి చేరింది. గేటమ్మ కాళ్ళు అలవాటుగా తలుపు వైపు కదిలాయి. కదిలిన కాళ్ళు ఆగాయి. 'ఎవడికి కావాలి మీ తలుపులు!' అని వెళ్ళి ఉడత సీట్లో కూర్చుంది.

దీపం వెలిగింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మంచులో ఓడ దిగింది. తల్లి నిచ్చెన దిగింది. కూతురు పరిగెత్తలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "ఇంత సేపా?" అని అడిగింది. హాలంతా ఘొల్లున నవ్వింది. గేటమ్మ నవ్వబోయి ఏడ్చింది. లైట్లు వెలిగాయి. జనం వెళ్ళి మూసి ఉన్న తలుపులకు కొట్టుకున్నారు. "గేటమ్మా! తలుపులు! ఏమైంది గేటమ్మా?" అని మేనేజరు గావుకేకలు పెట్టాడు.

"వస్తున్నా! ఆగండి కాస్త! నాకింకా సినిమా అయిపోలేదు!" అని అంతకంటే గట్టిగా అరిచి, ముక్కు తుడుచుకుంటూ వెళ్ళి గడియలు తీసింది. జనం తిడుతూ బయటపడ్డారు. సందులో నిలబడే ఫోను చేసింది. కూతురు విసుగ్గా ఎత్తింది.

"ఈ వారం మధ్యాహ్నం డ్యూటీ, టైమవుతోందమ్మా, ఇది మళ్ళీ మొదలుపెట్టింది. ఏంటో చెప్పు."

"దానికివ్వు."

ఉడత ఊపిరి వినిపించింది.

"నేను చూశానే. ఈ కళ్ళతో చూశా. వచ్చింది."

"నిజంగా నువ్వే చూశావా?"

"తలుపులు కూడా తీయకుండా చూశా. ఇక్కడ నన్ను చంపేస్తున్నారు."

ఉడత ఆలోచించింది. "వాళ్ళమ్మ చేతికి గ్లౌజుందా?"

"ఒక్క చేతికే ఉంది. రెండో చెయ్యి మంచుకి ఎర్రగా కందిపోయింది. ఆ పిల్ల జేబులోంచి తన దగ్గరున్నది తీసి తల్లికి తొడిగింది. జత అయ్యాకే వాటేసుకుంది."

అవతల ఫోను కిందపెట్టిన చప్పుడయింది. చిన్న అడుగులు దూరంగా పరిగెత్తాయి. ఏదో పెట్టె మూత కిర్రుమంది. ఉడత గొంతు అక్కడినుంచి వినిపించింది.

"అమ్మా, ఇవిగో నీ బూట్లు. వేసుకో. టైమైపోతోంది."