జనవరి ఒకటిన పుట్టిన పిల్లలు

భద్రాచలం దారిలో అడవి అంచునున్న ఒక గూడెం అంగన్‌వాడీలో ఆ ఉదయం పదకొండు మంది పిల్లలు ఫోన్‌లోంచి మాయమయ్యారు. మనుషులు చాప మీదే కూర్చున్నారు. హాజరు వేసే యాప్‌లో మాత్రం లేరు. అందులో పేరు లేని పిల్లలకు పాలు, గుడ్డు రావు.

"ఏంది సారూ, కండ్ల ముంగట కూసున్నోళ్లను లేరంటది!" అంది టీచరమ్మ.

వార్త పనిమీద వెళ్లిన నేను అక్కడి నుంచే నా మేనకోడలికి ఫోన్ చేశాను. ఏన్కూరులో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పరీక్షించడం ఆమె ఉద్యోగం.

"వాళ్ల పుట్టినరోజులు ఏమున్నయ్ మామయ్యా?"

అందరివీ జనవరి ఒకటే. ఆ గూడెంలో బిడ్డ పుట్టుక ఇప్పపూలు రాలే కాలంతోనో, తునికాకు కోతతోనో గుర్తుంటుంది. తేదీ అడిగే గడిలో టీచరమ్మ జనవరి ఒకటి వేసేది.

"గదే. టెస్ట్ డేటా అనుకున్నరు."

యాప్ పనిచేస్తుందో లేదో చూడటానికి ఎక్కించే ఉత్తుత్తి పేర్లను అలా అంటారట. వాటికీ పుట్టినరోజు జనవరి ఒకటే వేస్తారట. పనయ్యాక తుడిచేస్తారట. యాప్ చేసినవాళ్లు తర్వాత అదే ఒప్పుకున్నారు. ఆకలికి ఏడ్చే పిల్లలు ఉత్తుత్తివాళ్లా? తుడిచే ముందు ఒక్కరు కూడా ఫోన్ చేసి అడగలేదు!

పది మందిని మళ్లీ ఎక్కించగలిగాం. రెండున్నరేళ్ల పాప దగ్గర పని ఆగిపోయింది. అందరికంటే బరువు తక్కువ ఆ పాపే. చేర్చబోతే యాప్ ఇదివరకే ఉందంటుంది, వెతికితే లేదంటుంది. తప్పు ఇదని యాప్ చేసినవాళ్లకు తెలిపే బగ్ రిపోర్ట్ నేనే రాశాను. ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది: ఈ మూడూ ఉండాలని మేనకోడలు చెప్పింది.

జవాబు వచ్చింది. సివియారిటీ తక్కువ, ప్రయారిటీ తక్కువ.

"సివియారిటీ అంటే దెబ్బ ఎంత పెద్దదని. ప్రయారిటీ అంటే ఎంత జల్దీ బాగుచెయ్యాలని," అంది మేనకోడలు.

"దెబ్బ ఎవరికి?"

"యాప్‌కు మామయ్యా."

ఆ మాట చెబితే టీచరమ్మ మండిపడింది. "గుడ్డు తినేది యాపా, పిల్లనా?"

వారానికి, ఇక చూసేదేం లేదని రిపోర్ట్ మూసేశారు. తమ ఆఫీసులో చూస్తే తప్పు కనబడలేదట. ఆఫీసులో ఎందుకు కనబడుతుంది? ఆ పాప ఇక్కడ కదా ఉన్నది! మళ్లీ రాశాను. మళ్లీ మూసేశారు.

టీచరమ్మ ఆ పాప కోసం రోజూ తన ఇంటి కోడి పెట్టిన గుడ్డు ఉడికించి తెస్తోంది. యాప్‌లో పాప పేరు ఈ రోజుకీ లేదు.