మోచేతి లోతు

ఇన్నిసార్లు గుట్టమీది ఊరి సంగతి అడిగారు, సోమమ్మ ఎవరని ఒక్కరైనా అడిగారా? నోట్లో నాలుక లేదా మీకు? అమ్రాబాద్ గుట్టల్లో గొర్రెలు కాచిన మనిషి. ఎడమకాలు కొంచెం ఈడ్చేది. కుండలో నీళ్లైనా, గంపలో జొన్నలైనా చెయ్యి పెట్టి చూస్తే తప్ప నమ్మేది కాదు. కొత్త జిల్లాలు వచ్చిన మరుసటేడు ఓ ఆఫీసరు విచారణకు వచ్చాడు. ఇది అడవి భూమి, ఊరు పాతదని రుజువు చూపకపోతే అందరూ గుట్ట దిగాలన్నాడు. కాగితం ఎవరి దగ్గరా లేదు. ఉన్న రుజువల్లా నేలబండలోనే ముత్తవ్వలు జొన్నలు దంచిన బండరోళ్లు. గింజలు ఆరబోసుకోవడానికని వాటిమీదే అంతకు ముందటేడు సర్కారు సిమెంటు పోసుకున్నారు మహానుభావులు. ఆఫీసరు జీపెక్కబోతుంటే సోమమ్మ గడ్డపార ఎత్తింది.

"అవ్వా, గది సర్కారు సిమెంటు, కేసయితది!" సర్పంచ్ పరమేష్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరే లేకపోతే నువ్వెవనికి సర్పంచువురా? జరుగు!"

నాలుగు దెబ్బలకు పెచ్చు లేచింది. మట్టి తోడి చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది.

"సిమెంటు పోసేముందు ఉలితో చెక్కించారేమో," అన్నాడు ఆఫీసరు.

"ఉలి పెడితే గరుకుంటది సారూ. గిది రోకలి అరగదీసిన నునుపు. నీ చెయ్యి పెట్టి సూడు. ఒక్క అవ్వ దంచితే గింత లోతయితదా?"

ఆయన చొక్కా చెయ్యి మడిచి, మోకాళ్లమీద కూర్చుని చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. చివరికి టేపు తెప్పించాడు. మిగతా రోళ్లూ తవ్వించి, ఏడింటినీ కొలిచి రాసుకున్నాడు. ఊరు గుట్ట దిగలేదు. మూడేళ్లకు సోమమ్మ అక్కడే పోయింది. అప్పటికి ఆమెకు డెబ్భై తొమ్మిదేళ్లు.