తెర వెనక బావ

ఆ రోజుల్లో మీటింగు హాల్లో ప్రొజెక్టరు ముట్టుకునేవాడంటే జనం గొప్పగా చూసేవారు. ఆ గొప్పవాడి గుండె ఎలా కొట్టుకునేదో నాకే తెలుసు. శ్రీకాకుళంలో ఒక శిక్షణ కేంద్రంలో తెర, మైకు, ప్రొజెక్టరు చూసుకునే పనిలో కొత్తగా చేరాను. మత్స్యకారులకు తుఫాను జాగ్రత్తలు చెప్పడానికి పెద్దాఫీసరు వస్తున్నారనగానే మా మేనేజరు పిలిచి, "బొమ్మ చెడిందంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు. మధ్యాహ్నం మీటింగనగా, ఉదయం మోటారు తెర సగం దిగి ఆగిపోయింది. నౌపడలో సౌండు సిస్టం షాపు నడిపే మా మేనత్త కొడుక్కి ఫోన్ చేశాను. బావ తన తెల్లపంచె ఒకటి పట్టుకుని, దొరికిన బస్సెక్కి వచ్చేశాడు.

ఆగిన తెరకి పంచె కట్టాం. (అంచు కత్తిరించలేం కదా, బంగాళాఖాతానికి ఎర్రంచు వచ్చింది.) ఆఫీసరు మొదలుపెట్టగానే ఫ్యాను గాలికి పంచె ఊగింది. పటంలో తుఫాను ఒడిశా వైపు వెళ్ళి, మళ్ళీ కళింగపట్నం మీదికి వచ్చింది. ఫ్యాన్లు ఆపాను. "ఒరే బాబూ, ఫేనెయ్యరా, ఉడికిపోతన్నాం!" అని వెనక నుంచి కేకలు. మేనేజరు నన్నే చూస్తున్నారు. "ఏటిరా ఆ సెమట? ఈ తుపానులో సేపల ఏటకి నువ్వుగాని ఎల్తన్నావేటి?" అని బావ నవ్వాడు. "ఫేనెయ్. నాను ఎనకాల కూకుని పట్టుకుంటాను" అంటూ పంచె వెనక్కి దూరి, కింది కొసలు బిగించి పట్టుకున్నాడు. సముద్రం కుదుటపడింది.

పాత తెర మీద దుమ్ము సంగతి ఇద్దరం మరిచాం. ఆఫీసరు తుఫాను కన్ను చూపిస్తుండగా బావ తుమ్మాడు. బంగాళాఖాతం మొత్తం ఎగిరిపడింది. "ఏటయ్యిందే?" అని ఎవరో అడిగితే, ముందు వరసలో కూర్చున్న చేపలమ్మే ముసలమ్మ, "సముద్రానికి పడిశం పట్టినాదిరా" అంది. హాలంతా ఒకటే నవ్వు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. పంచె కింద కనిపిస్తున్న రెండు పాదాల్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. "ముందు ఆ సముద్రానికి కాసిని మంచినీళ్ళివ్వండి" అన్నారాయన. మేనేజరుకి కూడా నవ్వక తప్పలేదు. మర్నాడు నన్ను రావద్దని ఎవరూ అనలేదు.

బావ పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు గోడంత ఎల్‌ఇడి తెరలు, ఏసీ హాళ్ళు. అయినా మీటింగంటే నా అరచేతులు తడుస్తూనే ఉన్నాయి. ఇంత వయసొచ్చి ఇదేం కంగారని నన్ను చూసి నేనే నవ్వుకుంటాను. ఆ పని ఇదివరకు బావ చేసేవాడు.